వెండెల్ స్కాట్

వెండెల్ ఆలివర్ స్కాట్ (1921 ఆగస్టు 29 – 1990 డిసెంబరు 23) అమెరికాకు చెందిన స్టాక్ కార్ రేసు డ్రైవరు, మెకానిక్కు. వర్జీనియా రాష్ట్రంలోని డాన్‌విల్ అతని సొంతూరు. స్టాక్ కార్ పందేలు నడిపే నాస్కార్ సంస్థ అత్యున్నత శ్రేణి పోటీలో గెలిచిన మొదటి నల్లజాతీయుడు స్కాట్. 1961 నుంచి 1973 వరకు ఆ శ్రేణిలో 495 పోటీల్లో కారు నడిపాడు. వాటిలో ఒకటి గెలిచాడు. 20 సార్లు మొదటి అయిదు స్థానాల్లో, 147 సార్లు మొదటి పది స్థానాల్లో నిలిచాడు. ఆ ఒక్క గెలుపు దక్కిన రోజున కూడా విజేతగా వేరొకరి పేరు ప్రకటించారు. ప్రేక్షకులంతా ఇళ్లకు వెళ్లిపోయాక గాని స్కాట్ గెలుపును ఒప్పుకోలేదు.

స్కాట్ జీవితాన్ని ఆ ఒక్క గెలుపుతోనే కొలిస్తే సగం కూడా అర్థం కాదు. కంపెనీల అండ లేకుండా, పాత కార్లతో, అరిగిన టైర్లతో, తానే మెకానిక్కై, కన్నకొడుకులే సిబ్బందిగా పదమూడేళ్లు దేశంలోని మేటి డ్రైవర్ల మధ్య నిలబడటం అతని అసలు ఘనత.

స్టాక్ కార్ పందెం – నేపథ్యం

స్టాక్ కార్ అంటే మొదట్లో షోరూములో ఎవరైనా కొనుక్కోగల మామూలు కారే. ఫార్ములా 1 కార్లను పందెం కోసమే తయారు చేస్తారు. స్టాక్ కార్ పందేలు మాత్రం జనం రోజూ రోడ్డు మీద చూసే ఫోర్డు, షెవర్లే, డాడ్జ్ కార్లతో మొదలయ్యాయి. పందెం ఎక్కువగా కోడిగుడ్డు ఆకారంలో ఉండే ట్రాక్ మీద జరుగుతుంది. 1950లలో ఆ ట్రాకుల్లో చాలామటుకు అర మైలు పొడవున్న మట్టి బాటలు. తర్వాత డార్లింగ్టన్ (1950), డేటోనా (1959), టలడేగా (1969) వంటి పెద్ద ట్రాకులు వచ్చాయి. ఎత్తుగా వాల్చి కట్టిన మలుపులతో తారు వేసిన ఈ ట్రాకుల మీద కార్ల వేగం బాగా పెరిగింది.

ఈ ఆటకు ఒక వేరు నాటుసారా వ్యాపారంలో ఉంది. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు దేశమంతటా మద్యనిషేధం అమల్లో ఉండేది. దక్షిణాది కొండప్రాంతాల్లో దొంగచాటుగా సారా కాచి, రాత్రివేళ కార్లలో పట్నాలకు చేరవేసేవాళ్లు. నిషేధం ఎత్తేశాక కూడా పన్ను కట్టని సారా రవాణా ఆగలేదు. పోలీసులకు చిక్కకూడదంటే కారు బయటికి మామూలుగా కనిపించాలి. లోపల ఇంజిను మాత్రం పోలీసు బండిని దాటేసేంత బలంగా ఉండాలి. సరుకు బరువుకు వెనకభాగం కుంగి అనుమానం రాకుండా స్ప్రింగులు గట్టిగా వేయించేవాళ్లు. ఆ డ్రైవర్లలో ఎవరి కారు వేగమైనదో తేల్చుకోవడానికి పొలాల్లో, సంత మైదానాల్లో పెట్టుకున్న పందేలు కూడా కాలక్రమంలో ఈ ఆటలో కలిశాయి.

ఇలా ఎవరికి వారుగా సాగుతున్న పోటీలను బిల్ ఫ్రాన్స్ ఒక సంస్థ కిందికి తెచ్చాడు. 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని ఒక హోటల్లో జరిగిన సమావేశం నుంచి పుట్టి, 1948 ఫిబ్రవరిలో నాస్కార్ అధికారికంగా ఏర్పడింది. 1949 జూన్ 19న షార్లెట్‌లో మొదటి అత్యున్నత శ్రేణి పోటీ జరిగింది. 1950 నుంచి ఆ శ్రేణిని గ్రాండ్ నేషనల్ అన్నారు. 1970లలో విన్‌స్టన్ కప్ అయింది. ఇప్పుడు కప్ సిరీస్ అంటున్నారు.

బాల్యం, యౌవనం

స్కాట్ పుట్టిన డాన్‌విల్ దుస్తుల మిల్లులకు, పొగాకు వ్యాపారానికి పేరున్న ఊరు. అప్పట్లో అక్కడ నల్లవాళ్లకు బడి వేరు, బస్సులో సీటు వేరు, సినిమాహాల్లో కూర్చునే చోటు వేరు. తండ్రి ఇద్దరు సంపన్న తెల్లవారి కుటుంబాలకు కార్ల డ్రైవరుగా, మెకానిక్కుగా పనిచేసేవాడు. ఇంజిను విప్పడం, బిగించడం కొడుకు అతని దగ్గరే నేర్చుకున్నాడు. చిన్నప్పుడు సైకిలు మీద తెల్లపిల్లలతో పందేలు వేసేవాడు. చక్రాల బూట్లు తొడుక్కుని ఊళ్లోని ఏటవాలు వీధుల్లో దూసుకుపోయేవాడు.

ఊళ్లో నల్ల యువకులకు దొరికే పని ఏ మిల్లులోనో, ఒక దొర అజమాయిషీ కింద ఉండేది. ఆ బతుకు తనకు వద్దని స్కాట్ చిన్ననాడే తీర్మానించుకున్నాడు. హైస్కూలు చదువు మధ్యలో మానేసి టాక్సీ నడిపాడు. 1943లో మేరీ కోల్స్‌ను పెళ్లాడాడు. ఆ దంపతులకు ఏడుగురు సంతానం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరి యూరప్‌లో పనిచేశాడు. అప్పట్లో అమెరికా సైన్యంలోనూ నల్లవారి దళాలు వేరుగానే ఉండేవి. యుద్ధం ముగిశాక ఊరికి తిరిగొచ్చి సొంతంగా కార్ల మరమ్మతు షెడ్డు పెట్టుకున్నాడు.

షెడ్డు మీద వచ్చే డబ్బు చాలక స్కాట్ రాత్రుళ్లు నాటుసారా చేరవేయడం మొదలుపెట్టాడు. పోలీసులు వెంటపడితే మట్టిరోడ్ల మీద, మలుపుల్లో వాళ్లను తప్పించుకోవడంలో ఆరితేరాడు. 1949లో ఒకే ఒక్కసారి పట్టుబడ్డాడు. కోర్టు జైలుకు పంపకుండా మూడేళ్ల ప్రొబేషన్ విధించింది. వారాంతాల్లో డాన్‌విల్ ట్రాక్ దగ్గరికి వెళ్లి, నల్లవాళ్లకు విడిగా కేటాయించిన బల్లల మీద కూర్చుని పందేలు చూసేవాడు. ట్రాక్ మీద తిరిగేవాళ్లలో కొందరు తనలాగే సారా తోలేవాళ్లు. వాళ్లకున్న అవకాశం తనకు లేదు.

ట్రాక్ మీదికి

ఆ అవకాశం 1952లో వచ్చింది. ఇచ్చినవాళ్ల ఉద్దేశం మాత్రం వేరు. డాన్‌విల్‌లో పందేలు నడుపుతున్న డిక్సీ సర్క్యూట్ నాస్కార్‌తో పోటీపడే చిన్న సంస్థ. టిక్కెట్లు అమ్ముడుపోవడం లేదు. ఒక నల్లవాణ్ణి దింపితే చూడ్డానికి జనం వస్తారని నిర్వాహకులు ఆలోచించారు. ఊళ్లో వేగంగా కారు నడిపే నల్లవాడు ఎవరని పోలీసులనే అడిగారు. తాము పట్టుకోలేక విసిగిపోయిన స్కాట్ పేరు వాళ్లు చెప్పారు. అలా 1952 మే 23న డాన్‌విల్ ఫెయిర్‌గ్రౌండ్స్ ట్రాక్ మీద స్కాట్ తొలి పందెం నడిపాడు. కొందరు ప్రేక్షకులు ఎగతాళి చేశారు. కారు మధ్యలో మొరాయించింది. అయినా ఇదే తన పని అని స్కాట్‌కు ఆ రోజే తేలిపోయింది.

మర్నాడే కారు బాగుచేసుకుని, నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో జరిగే నాస్కార్ పోటీకి లాక్కెళ్లాడు. నల్లవాళ్లకు ప్రవేశం లేదని అధికారులు తిప్పి పంపారు. తిరుగుదారిలో కళ్లలో నీళ్లు తిరిగాయని స్కాట్ తర్వాత చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు హై పాయింట్‌లోనూ అదే జరిగింది. కావాలంటే కారును ఒక తెల్లవాడి చేతికి ఇవ్వవచ్చన్నారు. స్కాట్ ఒప్పుకోలేదు. తన చేత్తో బిగించిన కారును తానే నడుపుతానన్నాడు.

నాస్కార్‌ను పక్కనపెట్టి చిన్న ట్రాకుల బాట పట్టాడు. తొలి పందెం నడిపిన పన్నెండో రోజునే వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో ఒక చిన్న పోటీ గెలిచాడు. వారానికి అయిదు పందేల దాకా నడిపిన రోజులున్నాయి. కొందరు డ్రైవర్లు కావాలని గుద్దేవాళ్లు. తెల్ల డ్రైవర్ల మధ్య గుద్దుడుకు గుద్దుడు, దెబ్బకు దెబ్బ మామూలే. నల్లవాడు తిరగబడితే ఆ ఊళ్లలో ప్రాణాల మీదికి వస్తుందని స్కాట్‌కు తెలుసు. అందుకే ఎవరి జోలికీ పోకుండా, బండి వంగిన చోట రేకు సరిచేసుకుని మళ్లీ ట్రాక్ ఎక్కేవాడు. ఆ ఓర్పు, పనితనం చూసి క్రమంగా చాలామంది తెల్ల డ్రైవర్లు అతనికి స్నేహితులయ్యారు. గొడవలు జరిగేలా ఉన్నప్పుడు కొందరు అతనికి కాపలాగా నిలబడ్డారు. మొదట్లో గేలిచేసిన ప్రేక్షకుల్లోనూ చాలామంది స్కాట్ పేరు పెట్టి కేకలేయసాగారు.

నాస్కార్ గడప దాటడానికి స్కాట్ పెరటిదారి వెతికాడు. 1953లో రిచ్‌మండ్‌లోని ఒక చిన్న మట్టి ట్రాకుకు వెళ్లి, అక్కడి స్థానిక అధికారి మైక్ పోస్టన్‌ను లైసెన్సు అడిగాడు. పోస్టన్ సంస్థలో పెద్ద హోదా ఉన్నవాడు కాదు. లైసెన్సు ఇచ్చే అధికారం మాత్రం అతనికి ఉంది. ఇంతవరకు నల్ల డ్రైవరు లేడని, దెబ్బలు తప్పవని హెచ్చరించాడు. తట్టుకోగలనని స్కాట్ జవాబిచ్చాడు. కాగితం చేతికి వచ్చింది. డేటోనాలోని కేంద్ర కార్యాలయానికి తెలియకుండానే స్కాట్ నాస్కార్ సభ్యుడయ్యాడు.

1954లో నార్త్ కరోలినాలోని రాలీలో నిర్వాహకుడు తెల్ల డ్రైవర్లందరికీ పెట్రోలు ఖర్చులిచ్చి స్కాట్‌కు ఇవ్వలేదు. స్కాట్ నేరుగా బిల్ ఫ్రాన్స్‌నే కలిసి ఆ మాట చెప్పాడు. నాస్కార్ సభ్యుడిగా ఇకపై అందరితో సమానంగా చూస్తామని ఫ్రాన్స్ మాటిచ్చాడు. ఆ మాట కొన్నిచోట్ల నిలిచింది, చాలాచోట్ల నిలవలేదు.

కింది శ్రేణుల్లో స్కాట్ 100కు పైగా పోటీలు గెలిచాడు. 1959లో రిచ్‌మండ్‌లోని సౌత్‌సైడ్ ట్రాక్ చాంపియన్‌గా, వర్జీనియా రాష్ట్ర స్పోర్ట్స్‌మన్ శ్రేణి చాంపియన్‌గా నిలిచాడు. నలభైకి దగ్గరపడుతున్న ఆ వయసుకు చాలామంది డ్రైవర్లు కారు దిగే ఆలోచనలో ఉంటారు. స్కాట్ పెద్ద శ్రేణి వైపు చూశాడు.

గ్రాండ్ నేషనల్‌లో

గ్రాండ్ నేషనల్ పోటీలో కారు నడిపిన మొదటి నల్లజాతీయుడు స్కాట్ కాదు. 1955లో కాలిఫోర్నియాలో ఎలియాస్ బోవి, 1956లో డేటోనా బీచ్‌లో చార్లీ స్కాట్ ఒక్కో పోటీలో పాల్గొన్నారు. ఏటా, ప్రతి ఊరూ తిరుగుతూ పూర్తికాలపు డ్రైవరుగా నిలిచిన మొదటివాడు మాత్రం వెండెల్ స్కాట్. 1961 మార్చి 4న సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో తొలి గ్రాండ్ నేషనల్ పోటీ ఆడేనాటికి అతనికి 39 ఏళ్లు. 1962లో జార్జియాలోని సవానా ట్రాక్ మీద అర్హత పరుగులో అందరికంటే వేగంగా తిరిగి, పోటీని మొదటి స్థానం నుంచి ప్రారంభించే హక్కు సంపాదించాడు. అతని కెరీర్ మొత్తంలో అదొక్కటే అలాంటి అవకాశం.

ఆ రోజుల్లో డ్రైవర్లు రెండు రకాలు. ఫోర్డు, క్రైస్లర్ వంటి కంపెనీల అండ ఉన్నవాళ్లకు కొత్త కార్లు, విడి ఇంజిన్లు, జీతమిచ్చే సిబ్బంది, ఎన్ని కావాలంటే అన్ని టైర్లు ఉండేవి. ఇక రెండో రకం స్వతంత్రులు. ప్రైజు డబ్బుతోనే పెట్రోలు, టైర్లు, ఇల్లు, పిల్లల చదువు అన్నీ నడవాలి. స్కాట్ రెండో రకంలోనూ అడుగున ఉన్నవాడు. దక్షిణాదిలో ఏ పెద్ద కంపెనీ అతని కారు మీద తన పేరు రాయించుకోవడానికి ముందుకు రాలేదు. పెద్ద జట్లు తీసి పారేసిన టైర్లను ఏరి తెచ్చుకునేవాడు. పాత ఇంజిన్ల భాగాలు కలిపి ఒక ఇంజిను తయారుచేసుకునేవాడు.

ఇంజిను పాడైతే మరొకటి కొనే స్తోమత లేనివాడు దాన్ని ప్రతి చుట్టులోనూ చివరిదాకా తొక్కలేడు. ముందున్నవాళ్లతో పోటీపడి ఇంజిను పగలగొట్టుకోవడమా, కాస్త తగ్గించి పోటీ పూర్తిచేసి ఆ స్థానానికి వచ్చే డబ్బు ఇంటికి తెచ్చుకోవడమా అన్నది స్వతంత్ర డ్రైవరుకు ప్రతి ఆదివారం ఎదురయ్యే లెక్క. 495 పోటీల్లో 147 సార్లు మొదటి పదిలో ఉండటం అంటే దాదాపు పదింట మూడుసార్లు. కంపెనీ కార్ల మధ్య సొంత షెడ్డులో బిగించిన పాత కారుతో సాధించిన సంఖ్య అది.

జట్టు అంటే కుటుంబమే. కొడుకులు ట్రాక్ పక్కన నిలబడి టైర్లు మార్చేవాళ్లు, పెట్రోలు పోసేవాళ్లు. సిబ్బంది చాలని రోజున స్కాట్ తానే కారు దిగి పానా పట్టుకుని పని పూర్తిచేసి మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్న సందర్భాలున్నాయి. దారిలో నల్లవాళ్లకు గది ఇచ్చే హోటళ్లు అరుదు. భోజనం ఇంటినుంచి కట్టుకెళ్లేవాళ్లు. బండిలోనే పడుకునేవాళ్లు. డార్లింగ్టన్ ట్రాక్ కొన్నేళ్లపాటు అతణ్ణి పోటీకి రానివ్వలేదు.

జాక్సన్‌విల్, 1963 డిసెంబరు 1

1963 అమెరికా పౌరహక్కుల చరిత్రలో మరిచిపోలేని ఏడు. జూన్‌లో స్కాట్ సొంతూరు డాన్‌విల్‌లోనే సమానహక్కులు అడిగిన ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో, నీళ్ల గొట్టాలతో విరుచుకుపడ్డారు. ఆగస్టులో వాషింగ్టన్ మహాప్రదర్శన జరిగింది. నవంబరు 22న అధ్యక్షుడు కెనెడీ హత్య. ఆ తర్వాత తొమ్మిదో రోజున, ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో, అర మైలు మట్టి ట్రాక్ మీద 200 చుట్ల పోటీ మొదలైంది. 1964 సీజన్ లెక్కలోకి వచ్చే పోటీ అది.

స్కాట్ నడిపింది 34వ నంబరు నీలిరంగు షెవర్లే. తోటి డ్రైవరు, 1961 చాంపియన్ నెడ్ జారెట్ దగ్గర కొన్న పాత కారు. గతుకుల మట్టి ట్రాక్ మీద పెద్ద జట్ల కార్లు ఒక్కొక్కటే ఇబ్బందిలో పడ్డాయి. ముందున్న రిచర్డ్ పెటీ కారు చతికిలపడింది. ఇంకా 25 చుట్లుండగా స్కాట్ అతణ్ణి దాటి ముందుకొచ్చాడు. 200 చుట్లు పూర్తయ్యాయి. పోటీ ముగిసిందని చెప్పే గళ్ల జెండా ఊపలేదు. ఆగమని ఎవరూ చెప్పకపోవడంతో స్కాట్ నడుపుతూనే ఉన్నాడు. మరో రెండు చుట్లు తిరిగాక, వెనకాల ఉన్న బక్ బేకర్‌కు జెండా ఊపి అతణ్ణి విజేతగా ప్రకటించారు. విజేత బహుమతి అతనికే ఇచ్చారు.

ఆ కాలంలో చుట్లు లెక్కించే యంత్రాలు లేవు. ఒక్కో కారుకు ఒక మనిషి కార్డు మీద గుర్తులు పెట్టి లెక్కించేవాడు. పొరపాట్లు జరిగేవి. స్కాట్ ఫిర్యాదు చేశాక అధికారులు ఆ కార్డులన్నీ తిరిగి చూశారు. దాదాపు రెండు గంటలకు, స్కాట్ రెండు చుట్ల ఆధిక్యంతో గెలిచాడని తేల్చారు. అప్పటికి స్టాండ్లు ఖాళీ. ట్రోఫీ బేకర్‌తో వెళ్లిపోయింది. లెక్కలో పొరపాటని అధికారులు చెప్పారు. స్కాట్ నమ్మకం వేరు. ఆ రోజుల్లో విజేతకు ట్రోఫీ అందించేది ఒక అందాలరాణి, ఫొటో కోసం ముద్దు పెట్టడం ఆనవాయితీ. ఫ్లోరిడా జనం ఎదుట ఒక నల్లవాడికి తెల్లమ్మాయి ముద్దు పెట్టే దృశ్యం ఎవరూ చూడకూడదనే తనను పక్కకు తప్పించారని అతను చివరిదాకా చెప్పాడు.

నెలరోజుల తర్వాత సవానాలో స్కాట్ చేతికి ఒక ట్రోఫీ ఇచ్చారు. పేరు రాసిన రేకు కూడా లేని కర్రముక్క అది. అసలు ట్రోఫీ అతను బతికుండగా అందలేదు.

1964 తర్వాత

1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. చట్టం హోటళ్ల తలుపులు తెరిచింది గాని కంపెనీల తలుపులు తెరవలేదు. అయినా స్కాట్ ఉత్తమ ఫలితాలు ఆ తర్వాతి ఏళ్లవే. 1966 పాయింట్ల పట్టికలో అతనిది ఆరో స్థానం. 1967లో పదో స్థానం, 1968, 1969లలో తొమ్మిదో స్థానం. దేశంలోని మొదటి పదిమందిలో వరసగా నాలుగేళ్లు నిలబడ్డాడు. ఏటా నలభైకి పైగా పోటీలు, ఊరూరా ప్రయాణం, రాత్రంతా షెడ్డులో మరమ్మతులు – అప్పటికి అతను నలభై అయిదు దాటినవాడు.

1970ల మొదట్లో ఆట ఖరీదైపోయింది. చిన్న మట్టి ట్రాకులు కేలండరులోంచి తొలగిపోయాయి. మిగిలిన పెద్ద ట్రాకుల మీద పాత కారుతో నెగ్గుకురావడం కష్టమైంది. 1972లో షార్లెట్‌లో జరిగిన 600 మైళ్ల పోటీకి నిర్వాహకులు ఒక మంచి షెవర్లే ఏర్పాటు చేశారు. స్కాట్‌కు జీవితంలో మొదటిసారి దొరికిన మంచి కారు అది. పోటీ పూర్తికాకముందే దాని ఇంజిను ఆగిపోయింది.

1973 మే 6న అలబామాలోని టలడేగా ట్రాక్ మీద 60 కార్లు బయలుదేరాయి. పోటీ మొదలైన కాసేపటికే ఒక కారు ఇంజిను పగిలి, ట్రాక్ మీద నూనె పరుచుకుంది. 20కి పైగా కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. స్కాట్ ఆ గుట్టలో చిక్కుకున్నాడు. పక్కటెముకలు, తుంటి ఎముక, కాలు విరిగాయి. అప్పుచేసి కొన్న మెర్క్యురీ కారు తుక్కయింది. కోలుకుని అదే అక్టోబరులో షార్లెట్ పోటీలో కారు నడిపాడు. పన్నెండో స్థానంలో పూర్తిచేశాడు. అదే అతని చివరి పెద్ద పోటీ. పదమూడేళ్లలో అతను గెలుచుకున్న ప్రైజు డబ్బు మొత్తం రెండు లక్షల డాలర్లు కూడా దాటలేదు.

చివరి ఏళ్లు, సినిమా

రేసులు మానేశాక స్కాట్ డాన్‌విల్‌లోని షెడ్డులోనే పనిచేసుకున్నాడు. ఎన్నో ఏళ్లు ట్రాకుల మీద పెట్టిన డబ్బు తాలూకు అప్పులు మిగిలాయి. 1977లో అతని జీవితం ఆధారంగా ‘గ్రీస్డ్ లైట్నింగ్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. మైకేల్ షుల్ట్జ్ దర్శకుడు. స్కాట్‌గా రిచర్డ్ ప్రయర్, భార్య మేరీగా పామ్ గ్రియర్ నటించారు. నాస్కార్ అంటే తెలియని ఊళ్లకు కూడా స్కాట్ పేరు తీసుకెళ్లిన సినిమా అది. 1990 డిసెంబరు 23న వెన్నెముక కేన్సరుతో స్కాట్ 69వ ఏట డాన్‌విల్‌లో కన్నుమూశాడు. బ్రయన్ డొనొవన్ రాసిన అతని జీవితచరిత్ర ‘హార్డ్ డ్రైవింగ్’ 2008లో వెలువడింది.

ఆలస్యంగా అందిన గుర్తింపు

1999లో స్కాట్‌కు అలబామాలోని ఇంటర్నేషనల్ మోటార్‌స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. డాన్‌విల్‌లో అతను నివసించిన వీధి ఇప్పుడు అతని పేరుతోనే ఉంది. 2013లో వర్జీనియా రాష్ట్రం ఆ ఊళ్లో స్మారక ఫలకం నిలిపింది. 2010లో జాక్సన్‌విల్‌లోని స్థానిక స్టాక్ కార్ సంఘం 1963 ట్రోఫీకి నకలు చేయించి కుటుంబానికి ఇచ్చింది.

2015 జనవరి 30న షార్లెట్‌లోని నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ స్కాట్‌ను చేర్చుకుంది. అందులో చేరిన మొదటి నల్లజాతీయుడు అతనే. అదే ఏడు చేరిన మిగతావాళ్లు బిల్ ఎలియట్, ఫ్రెడ్ లారెంజన్, జో వెదర్లీ, రెక్స్ వైట్. వీళ్లలో లారెంజన్, వెదర్లీ, వైట్ అతనితో ఒకే ట్రాక్ మీద పోటీపడినవాళ్లు. 2017లో వచ్చిన ‘కార్స్ 3’ యానిమేషన్ సినిమాలో రివర్ స్కాట్ అనే పాత కారు పాత్రను వెండెల్ స్కాట్‌ను చూసే తీర్చిదిద్దారు. 

2021 ఆగస్టు 28న డేటోనాలో, స్కాట్ వందో పుట్టినరోజుకు సరిగ్గా ఒకరోజు ముందు, నాస్కార్ స్వయంగా 1963 నాటి గెలుపు ట్రోఫీని అతని కుటుంబం చేతికిచ్చింది. పోటీ జరిగి అప్పటికి 57 ఏళ్లు దాటింది.

వారసత్వం

స్కాట్ తర్వాత నాస్కార్ జాతీయ శ్రేణుల్లో మరో నల్ల డ్రైవరు గెలవడానికి యాభై ఏళ్లు పట్టింది. 2013 అక్టోబరులో మార్టిన్స్‌విల్ ట్రాక్ మీద ట్రక్కుల పోటీలో డారెల్ బబ్బా వాలెస్ గెలిచాడు. ఆ ట్రాక్ డాన్‌విల్‌కు 50 కిలోమీటర్ల లోపే. మరుసటి ఏడు అదే ట్రాక్ మీద స్కాట్ గౌరవార్థం 34వ నంబరు వేసుకుని వచ్చి మళ్లీ గెలిచాడు. 2020 జూన్‌లో, బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది సమాఖ్య జెండాను నాస్కార్ తన ట్రాకుల్లో నిషేధించింది. అందుకు గట్టిగా గొంతెత్తినవాడు వాలెస్. 2021 అక్టోబరు 4న టలడేగాలో వాలెస్ కప్ సిరీస్ పోటీ గెలిచాడు. ఆ శ్రేణిలో నల్లజాతి డ్రైవరుకు అది రెండో గెలుపు. స్కాట్ ఎముకలు విరిగిన ట్రాక్ కూడా అదే.

ఈ రెండు గెలుపుల నడుమ దూరం చూస్తే స్కాట్ ఎంత పెద్ద గోడను ఒంటరిగా మోదాడో తెలుస్తుంది. అతను ప్రసంగాలు చేయలేదు. ఉద్యమ నాయకుడిగా తనను తాను చెప్పుకోలేదు. అతనికి కావలసింది కారు నడపడం. రానివ్వం అన్న చోటికి కూడా కారు లాక్కుని వెళ్లాడు, తిప్పి పంపితే మరో ఊరికి వెళ్లాడు. తన గెలుపును తన ఎదుటే వేరొకరికి ఇచ్చిన రోజు తర్వాత కూడా అతను 370కు పైగా పోటీల్లో బరిలోకి దిగాడు. 495 అనే సంఖ్య స్కాట్ జీవితానికి సరైన కొలత. జాక్సన్‌విల్‌లో గెలుపు ఒక మధ్యాహ్నం పని. మిగిలిన 494 సార్లూ గెలుపు దక్కకపోయినా, ఇంటికి తిరిగొచ్చి ఇంజిను విప్పి, మరుసటి పోటీకి మళ్లీ బిగించాడు.